రొటేటర్ మీద తిరిగే యాంటెన్నాకు ఏ కోయాక్స్ వేయాలి?

డాబా మీద టవర్ నిలిచింది, యాంటెన్నాను తిప్పే మోటారు (రొటేటర్) బిగిసింది, ఒకే దిక్కుకు గురిపెట్టే యాగీ యాంటెన్నా పైకెక్కింది. ఇక మిగిలింది రేడియోనూ యాంటెన్నానూ కలిపే కోయాక్స్ కేబుల్. ఇక్కడికి వచ్చేసరికి చాలామంది హామ్‌లు, అంటే అభిరుచితో రేడియో నడిపేవాళ్లు, ఏ కేబుల్‌లో ఎంత సిగ్నల్ పోతుందో చెప్పే లాస్ పట్టికలు ముందేసుకుని, అన్నిటికన్నా తక్కువ డెసిబెల్స్ పోయేది ఏదో చూసి దానికే డబ్బు కడతారు. కదలని యాంటెన్నాకైతే అంతకు మించి ఆలోచించాల్సింది పెద్దగా లేదు. తిరిగే యాంటెన్నా సంగతి వేరు. ఎండలో కాగుతూ రోజూ అటూ ఇటూ మెలితిరిగితే లోపలి తీగ ఎన్నాళ్లు నిలుస్తుందో ఏ లాస్ పట్టికలోనూ ఉండదు.

అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. యాంటెన్నాను మోస్తూ తిరిగే గొట్టం (మాస్ట్) నుంచి టవర్ కాలి దాకా యాంటెన్నాతో పాటు కదిలే ఆ రెండు మీటర్ల ముక్క, అంటే లూప్, వేరు, అక్కడి నుంచి రేడియో గది దాకా కదలకుండా దిగే 30 మీటర్లు వేరు. మొదటిదాన్ని మెత్తదనం చూసి కొనండి, రెండోదాన్ని లాస్ చూసి కొనండి. హెచ్ఎఫ్‌లో (30 మెగాహెర్ట్జ్ లోపు) మాత్రం ఈ విభజన అక్కర్లేదు, పై నుంచి కింది దాకా ఒకే కేబుల్ చాలు. ఎందుకో లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

లూప్‌లో పోయేదెంత?

145 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉండే, హామ్‌లు రెండు మీటర్ల బ్యాండ్ అని పిలిచేదాన్ని తీసుకుందాం. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ-213లో 100 మీటర్లకు సుమారు 8.3 డెసిబెల్స్ పోతాయి. ఎల్ఎంఆర్-400లో సుమారు 5. మొబైల్ టవర్ల మీద కనిపించే అర అంగుళం ముడతల రాగి ఫీడర్‌లో దాదాపు 2.7. ఇప్పుడు 30 మీటర్ల పొడవుకు 50 వాట్లు పంపితే, ఆర్‌జీ-213లో చివరికి 28 వాట్లు చేరతాయి, ఎల్ఎంఆర్-400లో 35, ముడతల ఫీడర్‌లో 41. ఇది కళ్లకు కనిపించే తేడా. 435 మెగాహెర్ట్జ్‌కు వెళ్తే ఇంకా ఘోరం: అదే 30 మీటర్ల ఆర్‌జీ-213 నాలుగున్నర డెసిబెల్స్‌కు పైగా మింగేసి 50 వాట్లలో 17 మాత్రమే మిగులుస్తుంది. ఎల్ఎంఆర్-400 అయితే 27 దాకా, ముడతల ఫీడర్ అయితే 36 దాకా పైకి పంపుతాయి.

అదే లెక్కను రెండు మీటర్ల లూప్‌కు వేయండి. 145 దగ్గర ఆర్‌జీ-213లో పోయేది 0.17 డెసిబెల్, ఎల్ఎంఆర్-400లో 0.1. 435లో 0.3, 0.18. అంటే లూప్ కోసం ఖరీదైన, బిరుసైన కేబుల్ వేస్తే మనకు దక్కేది ఒక డెసిబెల్‌లో పదో వంతు. అవతలి స్టేషన్‌లో సిగ్నల్ మీటరు ఒక గీత (ఎస్ యూనిట్) పెరగాలంటే 6 డెసిబెల్స్ కావాలి. ఆ పదో వంతు కోసం లూప్ ఆయుష్షును పణంగా పెట్టడం నాకు ఏమాత్రం సమంజసంగా కనిపించదు.

తిరిగే కేబుల్‌లో పాడయ్యేవి

కేబుల్‌ను వంచితే లోపల నాలుగు చోట్ల దెబ్బ పడుతుంది. మొదటిది మధ్య తీగ. ఒంటి తీగ అయితే ఒకే చోట పదేపదే వంగి గట్టిపడి చివరికి విరుగుతుంది. ఏడు పోగుల తీగ అయితే ఆ ఒత్తిడిని పోగులు పంచుకుంటాయి. రెండోది ఇన్సులేషన్. ఫోమ్ ఉన్న కేబుల్‌లో లాస్ తక్కువ, కానీ ఫోమ్ మెత్తన. మే నెల ఎండకు నల్లటి జాకెట్ చెయ్యి పెట్టలేనంతగా కాలినప్పుడు, బిగుతైన వంపు దగ్గర మధ్య తీగ ఆ ఫోమ్‌ను కోసుకుంటూ పక్కకు జరుగుతుంది. అప్పుడు ఆ చోట కేబుల్ ఇంపిడెన్స్ 50 ఓమ్‌లుగా ఉండదు, బాగా జరిగితే షీల్డ్‌ను తాకి షార్ట్ కూడా అవుతుంది. ఆర్‌జీ-213లో ఉండే గట్టి పాలిథిన్ ఈ విషయంలో చాలా నయం.

మూడోది షీల్డ్. తక్కువ లాస్ కేబుళ్లలో అల్యూమినియం ఫాయిల్, దాని మీద తగరం పూసిన రాగి అల్లిక ఉంటాయి. నిలకడగా ఉన్నంత కాలం ఆ జోడీ అద్భుతంగా పనిచేస్తుంది. కదులుతూ ఉంటే ఫాయిల్‌కు పగుళ్లు వస్తాయి, రెండు వేర్వేరు లోహాలు ఒరుసుకునే చోట రిసీవర్‌లో గరగర మొదలవుతుంది. అందుకున్న సిగ్నల్‌ను మళ్లీ పంపుతూ, ఒకేసారి వింటూ ఉండే రిపీటర్ స్టేషన్లలో ఈ రకం కేబుల్‌ను అనుభవమున్నవాళ్లు దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం ఇదే. నాలుగోది జాకెట్. చౌక రకం పీవీసీలో కలిపిన ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఇన్సులేషన్‌ను చెడగొడుతుంది, లాస్ మెల్లగా పెరుగుతూ పోతుంది. పైకి చూస్తే కేబుల్ కొత్తదానిలాగే ఉంటుంది.

ఒక్కో కేబుల్ గురించి

ఆర్‌జీ-58, ఆర్‌జీ-8ఎక్స్: సన్నగా ఉంటాయి, తేలిగ్గా వంగుతాయి. పోగుల తీగ ఉన్న ఆర్‌జీ-58ను హెచ్ఎఫ్‌లో 100 వాట్లకు లూప్‌గా వాడితే ఏ ఇబ్బందీ లేదు. కానీ దాన్నే 30 మీటర్లు కిందికి దింపి 435లో వాడితే 10 డెసిబెల్స్ దాటి పోతాయి. 50 వాట్లలో యాంటెన్నాకు ఐదు కూడా చేరవు.

ఆర్‌జీ-213: నా మొదటి ఓటు దీనికే. బయటి మందం 10.3 మిల్లీమీటర్లు, ఏడు పోగుల రాగి తీగ, గట్టి పాలిథిన్ ఇన్సులేషన్, ఫాయిల్ లేని రాగి అల్లిక, ఇన్సులేషన్‌ను పాడుచేయని రకం జాకెట్. ఇవన్నీ తిరిగే చోటికి కావలసిన గుణాలే. సోల్డరింగ్ ఐరన్ వేడికి కూడా ఫోమ్ కేబుల్ కంటే బాగా ఓర్చుకుంటుంది, కనెక్టర్ వేసేటప్పుడు చెయ్యి కొంచెం తడబడినా క్షమిస్తుంది. మన దేశంలోనే తయారవుతుంది, దొరకడం కష్టం కాదు. లాస్ ఒక్కటే దీని లోపం, అది కూడా వీహెచ్ఎఫ్ (30 మెగాహెర్ట్జ్ పైన) నుంచి పైకి, పొడవు ఎక్కువైనప్పుడే.

ఎల్ఎంఆర్-400: కదలని 30 మీటర్లకు ఇది మంచి ఎంపిక. లూప్‌కు కాదు. మధ్యలో రాగి పూసిన అల్యూమినియం ఒంటి తీగ, చుట్టూ ఫోమ్, దాని మీద ఫాయిల్. పదేపదే వంచితే వంపు వ్యాసార్థం కనీసం 4 అంగుళాలు, అంటే సుమారు 10 సెంటీమీటర్లు ఉండాలని తయారీదారు టైమ్స్ మైక్రోవేవ్ చెబుతుంది. లూప్ అరమీటరు వెడల్పు ఉంటుంది కదా, 10 సెంటీమీటర్లు పెద్ద విషయమా అని అడిగేవాళ్లుంటారు. కానీ లూప్ మొత్తం సమంగా వంగదు. కేబుల్‌ను మాస్ట్‌కు కట్టిన చోట, టవర్ కాలికి కట్టిన చోట, ఆ రెండు కట్ల దగ్గరే వంపంతా పేరుకుంటుంది. బిరుసు కేబుల్ విరిగేది అక్కడే.

ఎల్ఎంఆర్-400 అల్ట్రాఫ్లెక్స్: పేరు ఒకటే అయినా లోపల వేరు. పోగుల రాగి తీగ, రబ్బరులా మెత్తటి జాకెట్. లాస్ మామూలు ఎల్ఎంఆర్-400 కంటే 20 శాతం ఎక్కువ. 145 దగ్గర 100 మీటర్లకు దాదాపు 5.9 డెసిబెల్స్, లూప్ పొడవుకు అదొక లెక్కలోది కాదు. ఫాయిల్ ఇందులోనూ ఉంది కాబట్టి ఆర్‌జీ-213 అంత మొండిదని అనను గానీ, వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ (300 మెగాహెర్ట్జ్ పైన) లూప్‌కు ఇది చక్కటి కేబుల్. యూరప్‌లో ఇదే అవసరానికి ఎక్కువగా ఈకోఫ్లెక్స్-10 వాడతారు. అందులోనూ ఏడు పోగుల రాగి తీగే. జర్మనీ నుంచో అమెరికా నుంచో బంధువులెవరైనా వస్తుంటే పది మీటర్లు తెమ్మనండి, సూట్‌కేసులో పడుతుంది. మొత్తం పొడవు తెప్పించుకోవాల్సిన పని లేదు.

ముడతల రాగి ఫీడర్, సూపర్‌ఫ్లెక్స్ జంపర్లు: మొబైల్ టవర్లు విప్పినప్పుడు ఇవి పాత సామాను దుకాణాల్లోకి వస్తాయి, తక్కువ ధరకు దొరుకుతాయి. కిందికి దిగే కేబుల్‌గా అర అంగుళం ఫీడర్‌కు సాటి లేదు. చిక్కల్లా సూపర్‌ఫ్లెక్స్ జంపర్‌తోనే. చేత్తో వంచి చూస్తే ఎంత మెత్తగా వంగుతుందో, లూప్‌కు సరిగ్గా ఇదే కావాలనిపిస్తుంది. ఆ మెత్తదనం ఒకసారి బిగించేటప్పుడు మూల తిప్పడానికి ఇచ్చింది. బయట ఉన్నది రాగి గొట్టం. కనీస వ్యాసార్థానికి వంచితే ఎన్నిసార్లు తట్టుకుంటుందో తయారీదారులు ఇచ్చే సంఖ్య పదుల్లో ఉంటుంది, వేలల్లో కాదు. రోజూ తిరిగే రొటేటర్ ఆ సంఖ్యను ఎంత త్వరగా దాటేస్తుందో చెప్పక్కర్లేదు. పైగా రాగికి వచ్చే చీలిక జాకెట్ కింద దాగి ఉంటుంది, నీళ్లు దిగేదాకా తెలియదు. ఆ జంపర్‌ను కింద, పిడుగు నుంచి కాపాడే లైట్నింగ్ అరెస్టర్‌కూ గది గోడకూ మధ్య వాడుకోండి.

టీవీ కేబుల్ ఆర్‌జీ-6 గురించి అడుగుతుంటారు. 75 ఓమ్‌లు కావడం పెద్ద అడ్డంకి కాదు. అసలు అడ్డంకి రాగి పూసిన ఉక్కు తీగ, సోల్డర్ పట్టని అల్యూమినియం అల్లిక. తిరిగే చోట వద్దు.

మీ యాంటెన్నాకు ఏది?

14 నుంచి 28 మెగాహెర్ట్జ్ దాకా మూడు బ్యాండ్లలో పనిచేసే ట్రైబ్యాండర్ యాంటెన్నా అయినా, ఆరు కోణాల హెక్స్‌బీమ్ అయినా, కేబుల్ యాంటెన్నాకు తగిలే చోటు (ఫీడ్ పాయింట్) నుంచి రేడియో దాకా ఆర్‌జీ-213 ఒకటే ముక్క వేయండి. 30 మీటర్లకు 14 మెగాహెర్ట్జ్‌లో 0.7 డెసిబెల్, 28లో ఒక డెసిబెల్ పోతుంది. ఎల్ఎంఆర్-400 వేస్తే 28లో మిగిలేది డెసిబెల్‌లో మూడో వంతు మాత్రమే. దాని కోసం టవర్ మీద ఒక అతుకు పెట్టి, ఆ అతుకులోకి ఎప్పుడు నీళ్లు దిగుతాయోనని ప్రతి వానకూ టెన్షన్ పడటం ఎందుకు? కేబుల్ బయటి వైపు కరెంటు పారకుండా ఆపడానికి కేబుల్‌నే చుట్టి చోక్ బాలన్ చేసుకున్నవాళ్లు ఆ చుట్టను యాంటెన్నా నడుమ కడ్డీకి (బూమ్‌కు) గట్టిగా కట్టండి. దాని బరువు కనెక్టర్ మీద వేలాడకూడదు.

144కో 435కో పొడవాటి యాగీ అయితే లెక్క మారుతుంది. టవర్ పొట్టిగా ఉండి మొత్తం పొడవు పది పన్నెండు మీటర్లు దాటకపోతే, 144 వరకు ఆర్‌జీ-213తోనే సరిపెట్టుకోవచ్చు. అంతకు మించితే కిందికి ఎల్ఎంఆర్-400 గానీ ముడతల ఫీడర్ గానీ, పైన ఆర్‌జీ-213 లేదా అల్ట్రాఫ్లెక్స్ లూప్. రెంటికీ నడుమ ఎన్ కనెక్టర్లు. ఎన్ కనెక్టర్ జతలో పోయేది లెక్కలోకి రానంత తక్కువ, లోపల రబ్బరు వాషర్ కూడా ఉంటుంది. హామ్ రేడియోల మీద మామూలుగా కనిపించే పీఎల్-259 కనెక్టర్ హెచ్ఎఫ్‌కు బాగానే ఉంటుంది, 435కు మాత్రం వాడొద్దు.

ఆ అతుకు పెట్టే చోటు ముఖ్యం. మాస్ట్ మీద కాదు, రొటేటర్‌కు కింద టవర్ కాలికి ఒక క్లాంపు వేసి దాని మీద బిగించండి, నిచ్చెనెక్కితే చెయ్యి అందాలి. లూప్ ఎప్పటికైనా అరిగిపోయే భాగం. అతుకు అందేచోట ఉంటే దాన్ని మార్చడం అరగంట పని. యాంటెన్నా దించాల్సి వస్తే ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక ఆదివారం.

ఉపగ్రహాల కోసం యాంటెన్నా తిప్పేవాళ్లకు రెండు కదలికలు. యాసు జీ-5500 లాంటి రొటేటర్ అడ్డంగా 450 డిగ్రీలు, నిలువుగా 180 డిగ్రీలు తిరుగుతుంది. కేబుళ్లు కూడా కనీసం రెండు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన మన హామ్ రేడియో ఉపగ్రహం హామ్‌శాట్‌కు 435 మీద పంపి 145 మీద వినేవాళ్లం, 2014లో అది మూగబోయే దాకా ఎంతోమంది దానితోనే ఉపగ్రహాల పని నేర్చుకున్నారు. ఇలాంటి చోట పది మిల్లీమీటర్ల మందం కేబుళ్లు రెండు వేస్తే, వాటి బరువూ బిరుసుతనమూ చిన్న యాంటెన్నాలను ఒక పక్కకు లాగుతాయి. లూప్ వరకు ఎల్ఎంఆర్-240 అల్ట్రాఫ్లెక్స్ వంటి 6 మిల్లీమీటర్ల కేబుల్ వేసుకోండి. 435లో మీటరుకు 0.2 డెసిబెల్ చొప్పున పోయినా రెండు మీటర్లకు అర డెసిబెల్ లోపే. వినే వైపు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్‌ను మాస్ట్ మీదే పెడితే ఆ నష్టం కూడా పూడిపోతుంది.

లూప్ వదిలే పద్ధతి

మంచి కేబుల్ కొని లూప్ తప్పుగా కడితే అదీ నిలవదు. ముందు మీ రొటేటర్ ఎంత తిరుగుతుందో చూసుకోండి. హై-గెయిన్ హామ్-4 వంటివి 360 డిగ్రీలు, యాసు జీ-1000డీఎక్స్‌సీ వంటివి 450. ఆ మొత్తానికి సరిగ్గా సగం దగ్గర యాంటెన్నాను నిలిపి, అప్పుడు లూప్ కట్టాలి. 360 అయితే ఏ చివర నుంచైనా 180, 450 అయితే 225. అలా కడితే ఎటు తిరిగినా కేబుల్ మీద పడే మెలి సమానంగా ఉంటుంది. ఒక చివర నిలిపి కడితే రెండో చివరకు వెళ్లేసరికి మెలి రెట్టింపవుతుంది.

మనవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. హైదరాబాద్ నుంచి చూస్తే జర్మనీ సుమారు 320 డిగ్రీల వైపు, న్యూయార్క్ 337, శాన్‌ఫ్రాన్సిస్కో 19, టోక్యో 58. డీఎక్స్ (దూరదేశాల స్టేషన్లతో మాటలు) సందడి ఎక్కువగా ఉత్తరం చుట్టూనే. కాబట్టి 360 డిగ్రీల రొటేటర్ ఆగే చోటును దక్షిణానికి పెట్టుకుంటే, లూప్ ఎక్కువ సమయం తన సహజస్థితికి దగ్గరలోనే ఉంటుంది. న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాకు మళ్లడానికి చుట్టూ తిరిగి రావాల్సిన పనీ తప్పుతుంది.

లూప్‌ను మాస్ట్ చుట్టూ వదులుగా రెండు చుట్లు తిప్పి వదలడం నాకు నచ్చిన పద్ధతి. కదలిక పొడవంతా పంచుకుంటుంది, కట్ల దగ్గర పేరుకోదు. చోటు లేకపోతే కిందికి వేలాడే పెద్ద వంపు వదలండి, కానీ అది ఏ బోల్టుకూ ఒరుసుకోకూడదు. విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నాటి గాలిని పక్కన పెట్టినా, మామూలు వాయుగుండం గాలికే పొడవాటి లూప్ టవర్‌కు కొట్టుకుని జాకెట్ చీలుతుంది. కేబుల్ తగిలే అంచుల మీద పాత తోట పైపు ముక్కను చీల్చి తొడగండి.

కట్లకు జిప్ టైలు బిగించి లాగొద్దు. ఫోమ్ కేబుల్ నొక్కుకుపోయిన చోట ఇంపిడెన్స్ మారుతుంది. ముందు రబ్బరు ముక్క చుట్టి, దాని మీద టేపుతోనో వెడల్పాటి పట్టీతోనో కట్టండి. కనెక్టర్ వెనక ఒక జానెడు పొడవు నిటారుగా ఉండాలి, అక్కడ వంపు పడితే మధ్య తీగ విరిగేది ముందు అక్కడే. రొటేటర్ కంట్రోల్ వైరుకు కూడా ఇదే మర్యాద చేయండి.

అతుకు మీద ముందు తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు (సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు), దాని పైన మంచి పీవీసీ టేపు. చుట్టడం కింది నుంచి పైకి సాగాలి, అప్పుడు పెంకుటింటి కప్పులాగా ఒక్కో చుట్టు మీది నీరు కింది చుట్టు మీదికి జారిపోతుంది. పై నుంచి కిందికి చుడితే ప్రతి మడతా నీళ్లకు దారి చూపిస్తుంది. ఒకసారి అల్లికలోకి తడి చేరిందంటే అది పోగుల వెంట పాకుతూ మీటర్ల దూరం వెళ్తుంది, ఇక ఆ ముక్క కోసి పారేయడమే.

కోతుల బెడద ఉన్న ఊళ్లలో వేలాడే లూప్ కంటే మాస్ట్‌కు చుట్టిన లూప్ నయం, పట్టుకుని ఊగడానికి వాటికి ఏమీ దొరకదు. సంక్రాంతి అయ్యాక ఒకసారి టవర్ కేసి చూడండి. మాంజా లూప్‌కూ యాంటెన్నా అడ్డ కడ్డీకీ (ఎలిమెంట్‌కూ) మధ్య చిక్కుకుని ఉంటే, యాంటెన్నా తిరిగిన ప్రతిసారీ జాకెట్‌ను కోస్తూ ఉంటుంది.

కొనేటప్పుడు, కట్టాక

కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, '400 టైప్' అని రాసి ఉన్నదల్లా ఎల్ఎంఆర్-400 కాదు. చివర ఒక అంగుళం ఒలిచి చూడండి. అల్లిక సందుల్లోంచి లోపలి ఫాయిల్ గానీ తెల్లటి ఇన్సులేషన్ గానీ బాగా కనిపిస్తుంటే పోగులు తగ్గించారన్నమాట. మధ్య తీగకు అయస్కాంతం పెడితే అంటుకుంటే లోపల ఉక్కు ఉంది. ఆర్‌జీ-213 అని అమ్మేదాంట్లో ఒంటి తీగ ఉంటే అది ఆర్‌జీ-213 కాదు.

బిగించే ముందు కేబుళ్లనూ యాంటెన్నాలనూ కొలిచే చిన్న పరికరం నానోవీఎన్ఏతో కొలవండి. కేబుల్ రెండో చివర ఏమీ తగిలించకుండా వదిలేసి, మీరు వాడే ఫ్రీక్వెన్సీ దగ్గర రిటర్న్ లాస్, అంటే పంపిన సిగ్నల్ ఎంత తగ్గి తిరిగొస్తుందో, చూడండి. సిగ్నల్ వెళ్లి తిరిగి వస్తుంది కాబట్టి కనిపించే సంఖ్యలో సగం ఆ కేబుల్ లాస్. 30 మీటర్ల ఎల్ఎంఆర్-400కు 145 దగ్గర రిటర్న్ లాస్ 3 డెసిబెల్స్ చుట్టూ ఉండాలి. 5 కనిపిస్తే అది ఆర్‌జీ-213 స్థాయి కేబుల్, ఇచ్చిన ధరకు తగినది కాదు. యాంటెన్నా నుంచి ఎంత సిగ్నల్ వెనక్కి వస్తుందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ బాగుందని సంబరపడొద్దు, లాస్ ఎక్కువున్న కేబుల్ వెనక ఎంత చెడ్డ యాంటెన్నా అయినా ఎస్‌డబ్ల్యూఆర్ చక్కగానే కనిపిస్తుంది.

అంతా కట్టాక, నానోవీఎన్ఏ కలిపి ఉంచి, రొటేటర్‌ను ఒక చివర నుంచి రెండో చివర దాకా ఆగకుండా తిప్పండి. ఒకరు కింద పరికరం తెర మీది గీత చూస్తుంటే ఇంకొకరు పైన లూప్‌ను చూడాలి. గీత మెల్లగా కదిలితే ఫరవాలేదు, చుట్టుపక్కల డాబాలూ ట్యాంకులూ చేసే పని అది. ఒకే దిక్కు దగ్గర, ప్రతిసారీ అక్కడే, ఉన్నట్టుండి ఎగిరితే తప్పు లూప్‌లోనో కనెక్టర్‌లోనో ఉంది. ఇదే పరీక్షను ఏటా వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేయండి. కట్ల దగ్గర జాకెట్ మీద తెల్లటి చారలు, సన్నటి పగుళ్లు కనిపిస్తే గీత ఎగిరేదాకా ఆగకుండా ఆ రెండు మీటర్లు మార్చేయండి.